విదేశీ ప్రయాణానికి ఒక్క జూమ్ లెన్స్ చాలునా, ప్రైమ్ కూడా మోయాలా?

బాటసారి:
రెండు వారాల విదేశీ ప్రయాణం దగ్గరపడింది. నా దగ్గర ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాతో పాటు నాలుగు లెన్సులున్నాయి: 24-105 ఎఫ్ 4, 16-35 ఎఫ్ 4, 70-200 ఎఫ్ 2.8, 50 ఎఫ్ 1.8. (ముందున్న అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్: చిన్నదైతే వెడల్పైన దృశ్యం పడుతుంది, పెద్దదైతే దూరపుది దగ్గరగా కనిపిస్తుంది. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తుంది. మొదటి మూడూ జూమ్‌లు, 50 ఒక్కటే ఫోకల్ లెంగ్త్ మారని ప్రైమ్.) చాలా విమానసంస్థలు చేతిసంచికి ఏడు కిలోలే అనుమతిస్తాయి కనుక నాలుగూ తీసుకువెళ్లడం కుదరదు. పాత నగరాల వీధులు, ప్రార్థనామందిరాలు, మ్యూజియంలు, చివరి మూడు రోజులు కొండప్రాంతం చూడబోతున్నాము. కుటుంబం కూడా వెంట ఉంటుంది. 24-105 ఒక్కటే చాలునని కొందరు, జూమ్ ఇంట్లో పెట్టి ప్రైమ్‌తోనే వెళ్లమని కొందరు చెబుతున్నారు. కారణాలతో సహా మీ అభిప్రాయం చెప్పగలరు.

చీకటిగది:
నా మొగ్గు 50 వైపే. ఎఫ్ 4తో పోలిస్తే ఎఫ్ 1.8 దగ్గర సెన్సర్ (కెమెరాలో వెలుగును చిత్రంగా మార్చే భాగం) మీద దాదాపు అయిదు రెట్ల వెలుగు పడుతుంది. అంటే జూమ్‌తో ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి, పెంచేకొద్దీ చిత్రం గరుకవుతుంది) 6400 పెట్టవలసిన చోట ఇక్కడ 1250 దగ్గర పని జరిగిపోతుంది. ప్రయాణంలో మనకు గుర్తుండిపోయే దృశ్యాలలో సగం పొద్దు వాలాక కనిపించేవే కదా. పైగా చిన్న లెన్స్ ఉన్న కెమెరాను చూసి వీధిలో ఎవరూ బిగుసుకుపోరు. ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే-బ్రెసోఁ తన పనిలో అత్యధిక భాగం 50 మిల్లీమీటర్ల లెన్స్‌తోనే చేశారన్న సంగతి ఇక్కడ అందరికీ తెలిసినదే.

నిలకడ:
చీకటిగది గారూ, ఆ ఉదాహరణ మీ వాదానికి బలమివ్వదనే నా ఉద్దేశం. కార్తియే-బ్రెసోఁ 1948 చివర్లో రెండు వారాల పని మీద చైనా వెళ్లి సుమారు పది నెలలు అక్కడే ఉండిపోయారు. నిన్న దొరకని చిత్రం కోసం ఈ రోజు మళ్లీ అదే వీధికి వెళ్లగల మనిషికి ఒక్క లెన్స్ చాలు. బాటసారి గారికి ఉన్నవి ఆ రెండు వారాలే. ఒక్కో చోట అరగంట నిలబడితే గొప్ప. వెనక్కు నడిచి ఫ్రేమ్ సరిచేసుకుందామంటే వెనుక గోడ ఉంటుంది, లేదా కాలువ ఉంటుంది. గుంపులో నిలబడి లెన్సులు మారుస్తూ ఉంటే సెన్సర్ మీద చేరిన దుమ్ము, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 11 దాటి చిన్నది చేశాక ఆకాశంలో మచ్చలై తేలుతుంది. ఆ మార్చే సమయమంతా కుటుంబం ఎండలో ఎదురుచూస్తూ ఉంటుందన్న మాట కూడా మరువకూడదు. ఇక మందిరాల లోపలి చీకటి సంగతి: కెమెరా బాడీలోని స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) పుణ్యమా అని సెకనులో ఎనిమిదో వంతు షట్టర్‌తో కూడా చేత్తో స్థిరంగా తీయవచ్చు. అందువల్ల 24-105 ఒక్కటీ తీసుకువెళ్లండి.

చీకటిగది:
వెనుక గోడ ఉంటుందన్న మాటను కాదనలేను. అయితే స్టెబిలైజేషన్ మన చేతి వణుకును ఆపుతుందే గాని ఎదుటి మనిషి కదలికను ఆపదు. స్తంభాన్ని ఎనిమిదో వంతు సెకనులో తీయవచ్చు. స్తంభం పక్కన నడిచే పిల్లను తీయాలంటే కనీసం 125వ వంతు కావాలి, అక్కడ ఎఫ్ 4 చేతులెత్తేస్తుంది. మ్యూజియంలలో ఫ్లాష్‌నూ ట్రైపాడ్‌నూ చాలా వరకు అనుమతించరు కనుక ఆ లోటును వేరే దారిలో పూడ్చుకోవడమూ సాధ్యం కాదు. (వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ వంటి చోట అసలు ఫోటోలే నిషిద్ధం, అక్కడ ఏ లెన్స్ ఉన్నా ఒక్కటే.) జూమ్ మానమని ఇక పట్టుబట్టను గాని, 160 గ్రాములకు అటూ ఇటూగా తూగే 50ని కూడా వదిలేయమనడం మాత్రం పిసినారితనమే.

దూరపుకొండ:
కొండల మాట ఎవరూ ఎత్తలేదు. వైడ్ లెన్స్‌లో కొండ గులకరాయిలా కనిపిస్తుంది. శిఖరాన్ని పట్టాలంటే 70-200 ఉండాలి. మనుషుల ముఖాలకూ పొడవైన లెన్సే అందం. 1984లో అమెరికన్ ఫోటోగ్రాఫర్ స్టీవ్ మెకర్రీ తీసిన ప్రసిద్ధ అఫ్ఘాన్ బాలిక చిత్రం 105 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీసినదే.

నిలకడ:
ఆ 105 బాటసారి గారి జూమ్ చివర ఎలాగూ ఉన్నది కదండీ. మిగిలిన దూరాన్ని లెక్క వేసి చూద్దాం. 105 దగ్గర తీసిన చిత్రాన్ని 200 మిల్లీమీటర్ల దృశ్యకోణానికి కత్తిరిస్తే విస్తీర్ణంలో నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ మిగులుతుంది. కెమెరా 24 మెగాపిక్సెళ్లదైతే ఆరున్నర మెగాపిక్సెళ్లు చేతికొస్తాయి. అంగుళానికి 300 చుక్కల చొప్పున పదంగుళాల వెడల్పు ముద్రణకు అవి సరిపోతాయి. శిఖరం వెనుక శిఖరం దగ్గరకు జరిగినట్లు కనిపించడం కూడా లెన్స్ మహిమ కాదు, మనం నిలబడిన దూరం వల్ల కలిగేది. కత్తిరించిన చిత్రంలోనూ అది అలాగే ఉంటుంది. పక్షులూ జంతువులే ప్రధానమైన ప్రయాణమైతే నేనే 70-200 మోయమనేవాణ్ణి. మూడు రోజుల కొండల కోసం కిలోకు పైబడిన లెన్స్‌ను రెండు వారాలూ భుజాన వేసుకోవడం నాకు సబబుగా తోచదు.

పాతఆల్బమ్:
ఇంతసేపూ అందరూ తమ అలవాటునే సలహాగా చెబుతున్నారనిపిస్తోంది. బాటసారి గారూ, మీరు గత ప్రయాణాలలో తీసిన చిత్రాలను కంప్యూటర్‌లో ఫోకల్ లెంగ్త్ ప్రకారం వేరు చేసి చూడండి. ఆ సమాచారం ప్రతి ఫైలులోనూ నమోదై ఉంటుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. లేని లెన్స్‌తో మీరు చిత్రాలు తీసి ఉండరు కనుక లెక్క మీ దగ్గర ఉన్నదాని వైపే మొగ్గుతుంది. కాబట్టి మొత్తం సంఖ్య కంటే జూమ్ రెండు కొసలనూ గమనించండి. 24 దగ్గరే చిత్రాలు పోగుపడి ఉంటే మీకు ఇంకా వెడల్పు కావలసి వచ్చిందనీ, 105 దగ్గర పోగుపడితే దూరం చాలలేదనీ అనుకోవచ్చు.

బాటసారి:
చూశాను. 24 దగ్గర కుప్ప పడి ఉంది, 105 దగ్గర కొద్దిపాటివే. 70-200 ఇంట్లోనే ఉంటుంది, 50 సంచిలోకి వస్తుంది. 16-35 సంగతే తేలడం లేదు.

నిలకడ:
24 మిల్లీమీటర్లకు 84 డిగ్రీలు, 16కు 107 డిగ్రీల దృశ్యకోణం వస్తుంది. తేడా చిన్నది కాదు. బయట నిలబడిన భవనాన్నైతే కెమెరాను నిలువుగా పట్టి మూడు నాలుగు ముక్కలుగా తీసి అతికించవచ్చు. ఇరుకు గదిలో మాత్రం దగ్గరి స్తంభాలూ దూరపు గోడలూ ఒకదానితో ఒకటి అతకవు. మీ జాబితాలో మందిరాలు ఎక్కువ కాబట్టి, నా మొదటి మాటకు విరుద్ధమే అయినా, బరువు అనుమతిస్తే 16-35 పెట్టుకోండి. అయితే సంచిని ఖాళీగా కాక ఛార్జర్‌తో, అదనపు బ్యాటరీలతో సహా తూచండి; విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో వేయనివ్వరు కనుక ఆ బరువంతా చేతిసంచి లెక్కలోకే వస్తుంది.