హంగ్, హ్యాంగ్‌డ్: మనిషా వస్తువా అన్నది కాదు తేడా

‘హ్యాంగ్’ అనే ఇంగ్లీషు క్రియకు భూతకాలం హంగ్ అనాలా, హ్యాంగ్‌డ్ అనాలా అని సభ్యులొకరు అడిగారు. వస్తువులకు హంగ్, మనుషులకు హ్యాంగ్‌డ్ అని చాలామందిమి బడిలో నేర్చుకున్నాం. గుర్తుపెట్టుకోవడానికి ఆ సూత్రం తేలికే గానీ, అందులో లోపం ఉంది. కొమ్మ పట్టుకొని వేలాడిన పిల్లవాడు మనిషే అయినా అక్కడ రాయవలసింది హంగ్; హ్యాంగ్‌డ్ అని రాస్తే పాపం వాడి ప్రాణమే తీసినవాళ్లమవుతాం. చూడవలసింది మనిషినా వస్తువునా అని కాదు, మెడకు ఉరి బిగిసిందా లేదా అని. కనుక 1931 మార్చి 23న లాహోరు జైలులో భగత్ సింగ్‌ను ఉరితీశారని చెప్పేటప్పుడు హ్యాంగ్‌డ్ అనే రాయాలి.

ఒక్క క్రియకు రెండు భూతకాల రూపాలు ఎందుకంటే, ఇది మొదట ఒక్క క్రియ కాదు. పాత ఇంగ్లీషులో ‘హోన్’ అంటే వేలాడదీయడం, ‘హాంగియన్’ అంటే వేలాడడం. మొదటిది లోపలి అచ్చు మార్చుకొని భూతకాలంలో ‘హెంగ్’ అయ్యేది, రెండవది చివర ప్రత్యయం చేర్చుకొనేది. వీటికి తోడు స్కాండినేవియా వారి పాత భాష అయిన నార్స్ నుంచి ‘హెంగ్యా’ అనే మరో క్రియ వచ్చి చేరింది. వాడుకలో ఇవన్నీ కలిసిపోయాక, సింగ్‌కు సంగ్ ఉన్నట్టుగా దీనికీ హంగ్ అనే రూపం ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో ఏర్పడి, పదహారవ శతాబ్దం నుంచి మిగతా చోట్లకు వ్యాపించింది. హ్యాంగ్‌డ్ మాత్రం న్యాయస్థానాల్లో నిలిచిపోయింది, ఎందుకంటే తీర్పుల భాష జనం నాలుక మారినంత త్వరగా మారదు. 2024 జూన్ దాకా మన దేశంలో అమల్లో ఉన్న 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 354వ సెక్షన్ అయిదవ ఉపవిభాగం కూడా, మరణశిక్ష విధించేటప్పుడు ప్రాణం పోయేవరకు మెడకు ఉరివేయాలని ఆదేశించడానికి హ్యాంగ్‌డ్ అనే మాటనే వాడింది.

తెలుగులో ఈ చిక్కు లేదు. వేలాడడం, వేలాడదీయడం, ఉరితీయడం మూడూ వేరువేరు మాటలు. అయినా ఆ ఇంగ్లీషు క్రియ రెండు వేషాల్లో మన మధ్య తిరుగుతూనే ఉంది. ఫోను బిగుసుకుపోతే ‘హ్యాంగ్ అయింది’ అంటాం, ఏ పార్టీకీ మెజారిటీ రాకపోతే ‘హంగ్ అసెంబ్లీ’ అంటాం. (రెండోదానికి త్రిశంకు సభ అనే చక్కని మాట ఉన్నా పత్రికలకు హంగే ముద్దు.) ఆ సభను హ్యాంగ్‌డ్ అనకపోవడానికి కారణం పైన చెప్పినదే: అది ఎటూ తేలక వేలాడుతోంది, దానికెవరూ ఉరి వేయలేదు.

ఉరి విషయంలోనూ హంగ్ అని రాసినవారు ఇంగ్లీషులో శతాబ్దాలుగా ఉన్నారు కాబట్టి దాన్ని ఘోరమైన తప్పుగా నేను లెక్కించను. పరీక్షలో, పత్రికలో, కోర్టు కాగితంలో మాత్రం హ్యాంగ్‌డ్ అనే రాయండి.