పళ్లొచ్చే పాపకు పారాసిటమాల్: ఏ సీసా, ఎన్ని ఎంఎల్?

ప్రశ్న
పాపకు ఏడు నెలలు, బరువు 8 కిలోలు. కింది చిగురు ముందువైపు ఎర్రగా ఉబ్బింది, చొంగ ఆగట్లేదు, రాత్రి రెండుమూడుసార్లు ఏడుస్తూ లేస్తోంది. జ్వరం లేదు. ఇంట్లో పారాసిటమాల్ రెండు రకాలుంది: చిన్న చుక్కల సీసా, పెద్ద సిరప్ సీసా. మందు ఒకటే కదా, ఏదో ఒకటి 4 ఎంఎల్ పట్టేయొచ్చా? చిగుళ్లకు రాసే జెల్ వాడొచ్చా?

జవాబు
మందు ఒకటే గానీ చిక్కదనం ఒకటి కాదండీ. ముందు రెండు లేబుళ్లూ చదవండి. చుక్కల సీసా మీద సాధారణంగా 1 ఎంఎల్‌కు 100 మి.గ్రా. అని ఉంటుంది. సిరప్ మీద 5 ఎంఎల్‌కు 120, 125 లేదా 250 మి.గ్రా. అని ఉంటుంది.

డోసు లెక్క బరువును బట్టి: కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. అంటే 8 కిలోల పాపకు ఒకసారికి 80 నుంచి 120 మి.గ్రా. 125 సిరప్ అయితే 4 ఎంఎల్‌లో 100 మి.గ్రా. వస్తుంది, సరిపోతుంది. 250 సిరప్ అయితే 2 ఎంఎల్ చాలు. చుక్కల మందైతే 1 ఎంఎల్, అంతే. అదే చుక్కల మందు 4 ఎంఎల్ పట్టారంటే 400 మి.గ్రా., దాదాపు రోజంతటి గరిష్ఠ మోతాదు ఒక్క గుక్కలో పోయినట్టు! రెండు సీసాలు ఇంట్లో ఉంచుకోకండి, ఒకటి తీసేయండి. అర్ధరాత్రి నిద్రమత్తులో జరిగే పొరపాటు ఇదే.

డోసుకీ డోసుకీ మధ్య కనీసం 4 గంటలు, వీలైతే 6. 24 గంటల్లో నాలుగు డోసులు దాటొద్దు. జలుబు సిరప్‌లు కొన్నింటిలోనూ పారాసిటమాల్ ఉంటుంది, అదీ లెక్కలోకే వస్తుంది. మూడు నెలలలోపు పిల్లలకైతే డాక్టర్ చెప్పకుండా ఒక్క చుక్క కూడా వద్దు.

మరో జవాబు
జెల్ వద్దు. చిగురును మొద్దుబార్చే బెంజోకైన్ అనే మందు ఉన్నవి రెండేళ్లలోపు పిల్లలకు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితి రావచ్చు, పెదాలు నీలం తిరుగుతాయి. లిడోకైన్ కూడా అలా మొద్దుబార్చే మందే, మింగితే మూర్ఛ, గుండె ఇబ్బంది. పైగా చొంగతో పాటే జెల్ జారిపోతుంది, పనిచేసేది కాసేపే. ఏడాదిలోపు పిల్లల చిగుళ్లకు తేనె రాయొద్దు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు భయం ఉంది. ఆస్పిరిన్ అసలే వద్దు.

చేతులు కడుక్కుని వేలి కొసతో చిగురును మెల్లగా నొక్కి రుద్దండి. కొరికే రింగును ఫ్రిజ్‌లో చల్లబరచి ఇవ్వండి. ఫ్రీజర్‌లో పెడితే రాయిలా గట్టిపడి చిగురే దెబ్బతింటుంది. మెడలో వేసే పూసల దండలు ఊపిరాడకుండా చేస్తాయి, వద్దు.

అడిగినవారు
చుక్కల సీసా పక్కన పెట్టేశానండీ. పెద్ద సీసా 125ది. సగం కక్కేస్తే మళ్లీ పట్టాలా? రోజూ పడుకోబెట్టే ముందు ఒక డోసు వేసేస్తే మేలా?

జవాబు
అరగంటలోపు వాంతి చేసుకుంటే అదే డోసు ఒకసారి మళ్లీ ఇవ్వచ్చు. అరగంట దాటితే తర్వాతి డోసు వేళ వరకూ ఆగండి. కొంచెం ఉమ్మితే మాత్రం అంచనా కట్టి కలపకండి.

పట్టేటప్పుడు సీసా బాగా ఊపండి. మందు అడుగున పేరుకుంటే మొదటి డోసులు పలచగా, చివరివి ఘాటుగా వస్తాయి. ఇంటి చెంచా కాదు, గీతలున్న సిరంజి వాడండి. పాపను కాస్త నిలువుగా పట్టుకుని, కొసను బుగ్గ లోపలివైపు ఉంచి కొంచెం కొంచెంగా వదలండి. నాలుక మీదకు చిమ్మితే గొంతుకు అడ్డం పడుతుంది.

రోజూ ముందుజాగ్రత్తగా మాత్రం వద్దు. పాలు వదిలేసేంత, నిద్రపోలేనంత బాధ ఉన్నప్పుడే వేయండి. వేసిన టైము, ఎంఎల్ కాగితం మీద రాసి సీసాకు అంటించండి, ఇంట్లో ఇంకొకరు మళ్లీ పట్టకుండా.

మరో జవాబు
38 డిగ్రీలు దాటిన జ్వరం, విరేచనాలు, మాటిమాటికీ వాంతులు పళ్ల వల్ల రావు. పళ్ల మీదకు తోసేసి చెవి ఇన్ఫెక్షన్‌ను వదిలేస్తుంటారు. అలాంటప్పుడు డాక్టర్‌కు చూపించండి. విరేచనాలున్నప్పుడు ఐబుప్రొఫెన్ (నొప్పికీ జ్వరానికీ వాడే మరో మందు) జోలికి వెళ్లొద్దు, ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీల మీద పడుతుంది.

పొరపాటున ఎక్కువ పడితే పాప హుషారుగా ఉన్నా సరే, వాంతి చేయించకుండా సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కాలేయం దెబ్బతిన్న సంగతి మొదటి రోజు పైకి కనిపించకపోవచ్చు. విరుగుడు మందు ఉంది, అది ఎంత త్వరగా పడితే అంత బాగా పనిచేస్తుంది.