ఆరు నెలల చదువుకి లెక్క కట్టాల్సింది పుస్తకాల్లోనా, పేజీల్లోనా, గంటల్లోనా? (మారుపేర్లతో ఐదుగురు చదువరుల చర్చ)

అట్టచివర:
జనవరి 1 నుంచి జూన్ 30 దాకా 181 రోజులు. "ఇన్ని పుస్తకాలు అయ్యాయి" అంటూ జాబితాలు బయటికొచ్చే వేళ ఇది. నన్నడిగితే పుస్తకాల సంఖ్య ఒట్టి కాకిలెక్క. చలం "మైదానం" వందపైచిలుకు పేజీలు, విశ్వనాథ "వేయిపడగలు" వెయ్యికి అటూ ఇటూ. జాబితాలో మాత్రం రెండిటికీ చెరో గీత! సంఖ్యని లక్ష్యంగా పెట్టుకున్నవాళ్ళు మే నెల వచ్చేసరికి సన్నటి పుస్తకాలు వెతుక్కోవడం మొదలుపెడతారు, లావు పుస్తకం డిసెంబరుకి వాయిదా పడుతుంది. పేజీల్లో కట్టండి. రోజుకి పదే అనుకున్నా 1810 అవుతాయి. మధ్యలో వదిలేసిన పుస్తకంలో చదివిన 140 పేజీలు కూడా వృథాగా పోవు. కాదంటారా? ఎందుకో చెప్పండి.

క్రౌన్‌సైజు:
పేజీ అన్నది కొలతే కాదండీ. క్రౌన్ సైజులో పెద్దక్షరాలతో వేసిన పుస్తకంలో పేజీకి 24 వరసలు, వరసకి ఆరు మాటలు ఉన్నాయనుకోండి, 144 మాటలు. డెమ్మీ అనే కాస్త పెద్ద సైజులో ఇరికించి 32 వరసలు, వరసకి తొమ్మిది మాటలు వేస్తే 288. అంటే ఇక్కడి 300 పేజీలు అక్కడి 600కి సమానం. పైగా మన పుస్తకాలకి ముందుమాటల ఊరేగింపు ఒకటి. నాలుగు ముందుమాటలు, ప్రచురణకర్త మాట, కృతజ్ఞతలు అయ్యాక గానీ కథ మొదలవదు. అవి చదివితేనే కలపాలి, అట్ట వెనక అచ్చయిన మొత్తం ఎత్తి రాయకూడదు.

పేజీల్లోనే కట్టాలంటే ముందు తూకం సరిచూసుకోండి. పుస్తకం మధ్యలో, సంభాషణలు తక్కువున్న పేజీ ఒకటి తీయండి. పది నిండు వరసల్లో మాటలు లెక్కపెట్టి పదితో భాగించి, పేజీలోని వరసల సంఖ్యతో హెచ్చవేయండి. సంభాషణల పేజీ తీస్తే సగం వరసలు ఖాళీగా ఉండి లెక్క తప్పుతుంది. ఇదంతా ఐదు నిమిషాల పని, పుస్తకానికి ఒక్కసారి చేస్తే చాలు.

ఇంకో చిక్కుంది. తెలుగూ ఇంగ్లీషూ రెండూ చదివేవాళ్ళు మాటలు లెక్కపెడితే తెలుగుకి అన్యాయం జరుగుతుంది. "చూడకపోయినప్పటికీ" మనకి ఒక్క మాట, ఇంగ్లీషులో నాలుగైదు. అందుకని రెండు భాషల మొత్తాలూ కలపకుండా విడివిడిగా ఉంచాలి.

పదవిభాగం:
పైవాళ్ళిద్దరూ వచనం గురించే మాట్లాడుతున్నారు. పద్యం సంగతేమిటి? ఉత్పలమాలకి పాదానికి 20 అక్షరాలు, నాలుగు పాదాలకి 80. చంపకమాలకి 84, శార్దూలానికి 76. పేజీకి ఇలాంటి వృత్తపద్యాలు రెండుంటే 160 అక్షరాలు. క్రౌన్‌సైజు గారు చెప్పిన 288 మాటల డెమ్మీ పేజీలో, మాటకి మూడున్నర అక్షరాలు వేసుకున్నా వెయ్యి దాటతాయి. అక్షరాల్లో తూస్తే పద్యం పేజీ వచనం పేజీలో ఆరో వంతు, కానీ పట్టే సమయం తిరగబడుతుంది.

ఒక్క పద్యం చదవడమంటే ఏమిటో చూడండి. ఒకసారి గొంతెత్తి చదవాలి. సంధులు విడగొట్టాలి. క్రియ ఎక్కడుందో పట్టుకోవాలి, తరచూ నాలుగో పాదంలో దొరుకుతుంది. కర్తని దానికి ముడివేసి, మిగతా విశేషణాలు ఎవరికి చెందుతాయో పంచాలి. తెలియని మాటకి నిఘంటువు తీయాలి. ఆపైన మళ్ళీ మొదట్నుంచీ ఆపకుండా చదవాలి. ఈ చివరి మెట్టు చాలామంది ఎగ్గొడతారు, అందుకే మర్నాటికి పద్యం మిగలదు, అర్థం మాత్రం అరకొరగా మిగులుతుంది. అలవాటు లేనివాళ్ళకి పద్యానికి పది నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. అరగంటకి మూడు పద్యాలంటే బాగా నడిచినట్టే. ఆ వేగంతో "మనుచరిత్ర"తో కూర్చుని ఆరు ఆశ్వాసాల్లో (అధ్యాయాల్లో) రెండు పూర్తిచేసినా, పేజీల జాబితాలో సోమరిలా కనిపిస్తారు.

గంటల్లో కట్టండి. రోజుకి అరగంట చొప్పున 181 రోజులకి తొంభై గంటల ముప్పై నిమిషాలు. పద్యానికీ వచనానికీ శాస్త్రానికీ ఒకే తూకం.

నూటికినూరు:
గంటలు కుర్చీ కొలత, చదువు కొలత కాదు. ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్న అరగంటలో చదివింది ఎంత?

నేను పుస్తకాల సంఖ్య పక్షం. నవల ఒక కట్టడం. మొదటి వంద పేజీల్లో వేసిన ముడి చివరి యాభైలో విప్పుతారు. అక్కడిదాకా వెళ్ళనివాళ్ళకి దాని గురించి మంచైనా చెడైనా తేల్చే అర్హత లేదు. పేజీల పద్ధతి పెడితే ఐదు పుస్తకాలు తెరిచి ఒక్కోదాంట్లో డెబ్భై పేజీలు కెలికినా 350 వచ్చేస్తాయి. పూర్తిచేసింది సున్నా!

ఏది "ఒకటి" అన్న తగువు నిజమే, దానికి నియమం ముందే రాసుకోవాలి. "బారిష్టర్ పార్వతీశం" మూడు భాగాలు. విడిగా అచ్చయితే మూడా, కలిపి వేస్తే ఒకటా? నా నియమం: ఏ అట్టకి ఆ అట్ట. "కన్యాశుల్కం" 1897 నాటి మొదటి కూర్పు, 1909 నాటి రెండో కూర్పు రెండూ చదివితే రెండు గీతలు పెడతాను. గురజాడ రెండోదాన్ని దాదాపు కొత్తగా రాశారు, పరిమాణంలోనే తేడా కొట్టొచ్చినట్టుంటుంది. అదే 1909 కూర్పుని ఇద్దరు ప్రచురణకర్తలు వేస్తే మాత్రం రెండోసారి చదవడం పునఃపఠనం, దానికి పక్కన "పు" అని చుట్టాలి. కథల సంపుటిలో అన్ని కథలూ అయితేనే గీత. "ఆరు సారా కథలు"లో ఐదు చదివితే పుస్తకం అయినట్టు కాదు.

ఆదివారంచీటీ:
ఏది కొలవాలన్న వాదన బానే ఉంది, అసలు లెక్క చెడేది రాసుకోవడంలో. జూన్ 30న కూర్చుని గుర్తు తెచ్చుకుంటే నచ్చినవే గుర్తొస్తాయి, వదిలేసినవి ఒక్కటీ రావు. కొన్న రసీదులు పనికిరావు. జనవరి విజయవాడ పుస్తక మహోత్సవం సంచులు అన్నీ మొదటి నెలలోనే ఇంట్లో పడతాయి కాబట్టి, కొన్న తేదీ చూస్తే జనవరిలో తెగ చదివినట్టు కనిపిస్తుంది.

నడిచే పద్ధతి ఇది. పోస్టుకార్డులో సగమంత చీటీ పుస్తకంలోనే పెట్టండి, గుర్తుచీటీ కూడా అదే. లేచేటప్పుడు తేదీ, ఆగిన పేజీ, రెండే రాయండి. నిమిషాలు, అభిప్రాయం, నచ్చిన వాక్యం అంటూ ఆరు గడులు గీసిన నోటుపుస్తకం మూడో వారానికి అటకెక్కుతుంది. ఆదివారం చీటీల్లోంచి నోటుపుస్తకంలోకి ఎక్కించాలి: పేరు, ముద్రణ సంవత్సరం, ఏ పేజీ నుంచి ఏ పేజీకి. వదిలేస్తే ఎక్కడ, ఎందుకు అన్నది ఒక్క ముక్కలో: "అనువాదం కొరుకుడు పడలేదు", "అచ్చు మసక", "గ్రంథాలయం గడువు". పెన్సిలు వాడండి, జెల్ పెన్ను పాత కాగితం మీద అవతలికి దిగుతుంది.

ఇంత ఉంటే జూలైలో పుస్తకాలు, పేజీలు రెండూ అందులోంచే తీయొచ్చు. గంటలకి మాత్రం ఒక ఆదివారం గడియారం పెట్టి మీ వేగం కట్టుకోండి. గంటకి 40 పేజీలు వస్తే తొంభై గంటలకి 3600, అంటే 300 పేజీల పుస్తకాలు పన్నెండు. ఎవరైనా రోజూ అరగంటే చదివి అరవై పూర్తిచేశామంటే అవి ఎంత లావో అడగండి.

అట్టచివర:
"ఎందుకు వదిలాం" గడి నా పద్ధతిలో లేదు, ఒప్పుకుంటున్నాను. ఆర్నెల్లకి ఏడు వదిలేస్తే అందులో నాలుగు "అనువాదం" అని ఉంటే, లోపం ఓపికలో కాదు ఎంపికలో ఉందని తెలుస్తుంది. పదవిభాగం గారి పద్యాల సంగతికి కూడా తలొగ్గుతున్నాను: పద్యానికి పేజీ వదిలి పద్యాల సంఖ్యే రాయాలి. కానీ నూటికినూరు గారూ, 1000 పేజీల పుస్తకంలో 920 దగ్గర జూన్ 30 వచ్చిపడితే మీ జాబితాలో సున్నాయేనా?

నూటికినూరు:
సున్నాయే. జూలై 4న ఒకటి అవుతుంది. కొంపలేం మునగవు.

క్రౌన్‌సైజు:
స్కాన్ పీడీఎఫ్‌లు చదివేవాళ్ళకి ఒక మాట. తెర మీద కనిపించే అంకె అట్ట నుంచి మొదలవుతుంది, పుస్తకంలో అచ్చయిన అంకె కథ నుంచి. రెండిటికీ పది పదిహేను తేడా ఉంటుంది, చీటీ మీద అచ్చు అంకే వేయండి. పాత స్కాన్లలో ఒకే పేజీ రెండుసార్లు రావడం, మధ్యలో రెండు మాయమవడం మామూలే. కిండిల్‌లో శాతం నమ్మొద్దు. చివర వివరణలు, సూచిక ఎక్కువున్న పరిశోధన గ్రంథం 70 శాతం దగ్గరే అయిపోవచ్చు. అక్షరం పెద్దది చేస్తే తెరలు పెరుగుతాయి, చదువు పెరగదు.

పదవిభాగం:
ఆడియో పుస్తకాన్ని ఎక్కడ వేస్తారు మరి? తొమ్మిది గంటల పుస్తకం ఒకటిన్నర వేగంతో వింటే ఆరు గంటలు. గంటల పక్షంవాణ్ణి కనక ఆరే రాస్తాను.

ఆదివారంచీటీ:
ఆరు రాయండి, పక్కన విన్నదని తెలిసేలా "వి" అని పెట్టండి. వంట చేస్తూ విన్నదైతే కుక్కరు కూతలప్పుడు పోయిన వాక్యాలు మీరే తీసేసుకోవాలి.