అర్జెంటీనాకు వలస వెళ్లిన సిరియా బంధువుల జాడ తెలుసుకోవడం ఎలా?

నమస్కారం. మేము బెర్లిన్‌లో ఉంటున్నాం. మా పక్కింటి పెద్దాయనది సిరియాలోని యబ్రూద్. యుద్ధం తరుముతుంటే 2015లో ఇక్కడికి వచ్చారు. సాయంత్రం వెళ్తే టీకి బదులు మాతే ఇస్తారు. చిన్న గ్లాసులో ఎండుటాకు పొడి, దాని మీద వేడినీళ్లు. అడుగున చిల్లులున్న లోహపు గొట్టంతో పీల్చాలి. బాగా చేదు. ఆ ఆకు దక్షిణ అమెరికాది. అక్కడికి వెళ్లి తిరిగివచ్చినవాళ్లే సిరియాకు దాన్ని అలవాటు చేశారు.

ఆయన తాతగారి తమ్ముడు మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే ఓడెక్కి అర్జెంటీనా వెళ్లి, అక్కడే ఉండిపోయారట. 1989లో ఆ దేశాధ్యక్షుడైన కార్లోస్ మెనెమ్ తల్లిదండ్రులదీ యబ్రూదే.

చిక్కంతా పేరుతోనే. అప్పట్లో సిరియా ఒట్టోమన్ టర్కుల పాలనలో ఉండేది. ఆ ప్రభుత్వపు కాగితాలతో వెళ్లడం వల్ల వీళ్లందరినీ అర్జెంటీనాలో ‘తుర్కో’లు, అంటే టర్కీవాళ్లు అన్నారు. పేర్లు కూడా మారిపోయేవి: యూసుఫ్ హోసే అయ్యేవాడు.

బ్యూనస్ ఎయిరిస్‌లోని సెమ్లా అనే సంస్థ దగ్గర ఓడ ప్రయాణికుల వివరాలు ఉన్నాయి. అందులో అరబ్బీ ఇంటిపేరును ఏయే స్పెల్లింగులతో వెతకాలి? సిరియన్లు ఎక్కువగా స్థిరపడిన తుకుమాన్, లా రియోహా వైపు చర్చి రికార్డుల కోసం ఎవరికి రాయాలి? స్పానిష్ వచ్చిన తెలుగువారు ఎవరైనా ఒక చిన్న ఉత్తరం రాసిపెట్టగలరా?

పెద్దాయన దగ్గర మిగిలింది ఒక్క ఫోటో. వెనక అరబ్బీలో పేరు, ఆ తాతగారి తమ్ముడి చేతిరాత. ఆయనకిప్పుడు 81 ఏళ్లు. దయచేసి తెలిసినంత చెప్పండి.