వీధికంతా ఒక్క టీవీ: అప్పటి దూరదర్శన్ నిజంగా గొప్పదా, వేరే దిక్కులేక చూశామా?

డయనోరా:
ఆదివారం మా పిల్లలకి యూట్యూబ్‌లో పాత రామాయణం పెట్టాను. రామానంద్ సాగర్‌ది, 1987 జనవరి 25న మొదలైనది. పది నిమిషాలు ఓపిక పట్టారు. తర్వాత మా చిన్నది, "నాన్నా, వీళ్ళు మాట్లాడకుండా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు ఎందుకు చూసుకుంటున్నారు?" అని అడిగి, ఫోన్ తీసుకుని లోపలికి పోయింది. నేనొక్కణ్ణే కూర్చుని ఎపిసోడ్ మొత్తం చూశాను. కళ్ళు చెమర్చాయి, దాచుకోవడం దేనికి.

మా వీధిలో మాదే మొదటి టీవీ. చెక్క తలుపుల డయనోరా, తాళంచెవి నాన్న జేబులో. రంగులు రావాలని తెరకి ప్లాస్టిక్ షీటు తగిలించారు, పైన నీలం, కింద ఆకుపచ్చ. రాముడి కిరీటం నీలం, పాదాలు పచ్చ. హనుమంతుడు ఎగిరాడంటే పచ్చలోంచి నీలంలోకి పోయేవాడు. ఆదివారం తొమ్మిదిన్నరకల్లా వీధి వీధంతా మా హాల్లో చాపల మీద ఉండేది. కులం లేదు, మతం లేదు, ఉన్నవాడు లేనివాడు లేదు. ఇప్పుడు ఇంట్లో నలుగురం, నాలుగు ఫోన్లు. అప్పటి ప్రోగ్రాముల్లో ఉన్న సరుకు ఇప్పుడు లేదు. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
సరుకు కాదండీ, ఊళ్ళో వేరే కొట్టు లేదు. ఒక్కటే కిరాణా కొట్టుంటే పుచ్చు కందిపప్పు కూడా కమ్మగానే ఉంటుంది. 1995 ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. ఆ తర్వాత మీ ఇంట్లో దూరదర్శన్ ఎన్నాళ్ళు పెట్టారో నిజం చెప్పండి.

గోంగూర:
వరి తెగుళ్ళ గురించి చెప్పే ప్రోగ్రాం కూడా వదలకుండా చూశాం. మాకు సెంటు పొలం లేదు.

డయనోరా:
మాస్టారూ, పుచ్చు పప్పా? మహాభారతానికి మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా. 94 ఎపిసోడ్లు, ఒక్కచోట మాట జారిందా? శ్యామ్ బెనెగల్ నెహ్రూ పుస్తకాన్ని 53 భాగాలుగా తీశాడు. ఇప్పుడు ఏ ఛానల్ అయినా ఆ పని పెట్టుకుంటుందా? శంకర్ నాగ్ మాల్గుడి కథలు ఆగుంబెలో తీస్తే, చూసిన ప్రతివాడూ అది తన ఊరే అనుకున్నాడు.

మన తెలుగులో శాంతిస్వరూప్ గారి సంగతి చూడండి. 1983 నవంబర్ 14న మొదటి తెలుగు వార్తలు చదివారు. టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో వార్తలు బట్టీ పట్టి, మన కళ్ళల్లోకి చూస్తూ చెప్పేవారు. గొంతు పెంచేవారు కాదు. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయారని తెలిస్తే మా నాన్న ఆ పూట అన్నం తినలేదు. ఇప్పటి యాంకర్లు పోతే... సరే, ఆ మాట వద్దు.

ఇక శుక్రవారం ఏడున్నరకి చిత్రలహరి. అరగంట సినిమా పాటల కోసం వారమంతా ఎదురుచూసిన వాళ్ళకే ఆ విలువ తెలుస్తుంది.

సూళ్ళూరుపేట:
చిత్రలహరి ఎనిమిదింటికి. ఏడున్నరకి కాదు.

డయనోరా:
ఏడున్నరకే. అది మొదలయ్యేలోపు ట్యూషన్ నుంచి పరిగెత్తుకొచ్చేవాణ్ణి.

సూళ్ళూరుపేట:
మీ ట్యూషన్ టైమ్‌తో నాకేం పని? అసలు మా ఊళ్ళో హైదరాబాద్ తగిలేదే కాదు, యాంటెన్నా ఎత్తుగా కడితే మద్రాసు వచ్చేది. శుక్రవారం మేం చూసింది తమిళ సినిమా పాటల ప్రోగ్రాం, ఒళియుం ఒలియుం. సెలవులకి విజయవాడ మేనమామ ఇంటికి వెళ్ళినప్పుడు చిత్రలహరి చూశాను. ఎనిమిది. నాకు బాగా గుర్తు.

లెక్కల మాస్టారు:
టైమ్ మధ్యలో మార్చి ఉంటారు, వదిలేయండి. నేను చెప్పేది వినండి. మా ఊరి రిలే కేంద్రంలో మొదట్లో ఢిల్లీయే వచ్చేది. తెలుగు వార్తలు చూడటానికే మాకు ఏళ్ళు పట్టింది. హిందీ ఒక్క ముక్క రాని వాళ్ళం, పార్లమెంటు చర్చ కూడా నోరు తెరుచుకుని చూశాం. అది ప్రోగ్రాం గొప్పతనమా? తెర మీద బొమ్మ కదిలితే చాలు. "అంతరాయానికి చింతిస్తున్నాము" అని వస్తే అది కూడా చూస్తూ కూర్చున్నాం.

ఓరుగల్లు పిల్ల:
అమృతం గురించి ఎవరూ అనరేంటి? అంజి గుండు హనుమంతరావు గారే కదా. అమృతం పాత్రకి మాత్రం ముగ్గురు మారారు. నా ఓటు శివాజీరాజాకి.

గోంగూర:
అది 2001, ప్రైవేటు ఛానల్. ఇక్కడ ముసలాళ్ళు దూరదర్శన్ గురించి కొట్టుకుంటున్నారు తల్లీ.

పద్మ:
నాదొక మాట. వీధి వీధంతా కూర్చుంది సరే, ఆ వీధి వీధంతటికీ కాఫీలు ఎవరు పెట్టారు? మాదీ టీవీ ఉన్న ఇల్లే. ఆదివారం మా అమ్మ మామూలు రోజు కంటే గంట ముందు లేచేది. రామాయణం ఒక్క ఎపిసోడ్ ఆమె పూర్తిగా కూర్చుని చూడగా నేను చూడలేదు.

డయనోరా:
పద్మ గారూ, అప్పటి ఆడవాళ్ళు దాన్ని కష్టం అనుకోలేదండీ. పదిమందికి పెట్టడం సంతోషంగా ఉండేది.

పద్మ:
మీకు ఎవరు చెప్పారు?

చివరిల్లు:
ఇన్నాళ్ళూ చదవడమే కానీ ఇక్కడ రాయలేదు. డయనోరా గారు కులం లేదు, మతం లేదు అన్నారు. మీ హాల్లో చాపల మీద ఎవరెవరు కూర్చున్నారో ఒకసారి గుర్తు చేసుకుంటారా? వీధిలో ఏ చివర ఇంటి దాకా?

డయనోరా:
వచ్చేసిందండీ అసలు విషయం. టీవీ గురించి మాట్లాడుతుంటే ఇందులోకి కూడా కులం తెచ్చారు. టీవీ మాది, కరెంటు బిల్లు మాది. తలుపులు తీసి పెట్టాం, టికెట్ పెట్టలేదు. మా పక్క ఊళ్ళో ఒకాయన పావలా వసూలు చేసేవాడు. మా నాన్న ఆ పని చేయలేదు. మా వాకిట్లో చెప్పులు పోయాయి, అరుగు మీద ఉమ్ములేశారు, మా నాయనమ్మ పిల్లలందరినీ తిట్టుకుంటూ కడిగేది. అయినా రావద్దని ఎవరితోనూ అనలేదు. నచ్చకపోతే రామాయణం బాగోలేదని చెప్పండి, వాదిద్దాం.

లెక్కల మాస్టారు:
ఆయన రామాయణం బాగోలేదని ఎక్కడన్నారు?

సూళ్ళూరుపేట:
కాస్త నెమ్మది. ఇందాక ఏడున్నరా ఎనిమిదా దగ్గర కూడా ఈయన ఇలాగే మీద పడ్డారు.

చివరిల్లు:
బాగోలేదని నేను చచ్చినా అనను. నాకంటే ఎక్కువ మీరు చూసి ఉండరు. ఎలా చూశానో చెబుతాను.

మా నాన్న ఒక పెద్ద రైతు దగ్గర పాలేరు. వాళ్ళ హాలు కిటికీ సందు వైపు ఉండేది. మేం ఏడెనిమిది మంది పిల్లలం ఆ కిటికీ దగ్గర నిలబడేవాళ్ళం. రావద్దని మాతో కూడా ఎవరూ అనలేదు. అనాల్సిన పనేముంది, గడప దగ్గర ఆగిపోవాలని మాకు ముందే తెలుసు. పొడుగువాళ్ళు వెనక, మాలాంటి పొట్టివాళ్ళు ఇటుకల మీద. ఇనప ఊచలకి నుదురు ఆనించి చూస్తే, అయిపోయాక ఇంటికెళ్తే మా అమ్మ నా మొహం మీద తుప్పు చారలు తుడిచేది. టీవీ ఎదురుగా ఉండేది కాదు, పక్కకి ఉండేది. పైగా కిటికీ పరదా ఒక పక్క మేకుకి కట్టేసి ఉండేది, అది తీసే దమ్ము మాకు లేదు. తెరలో కుడి సగమే మాకు వచ్చేది. రాముడు కుడి వైపు నిలబడితే ఆ రోజు మా అదృష్టం. బాణం వెయ్యడం కనిపిస్తే తగలడం కనిపించేది కాదు, తగలడం కనిపిస్తే ఎవరు వేశారో తెలిసేది కాదు. లోపలున్న వాళ్ళ అరుపులు విని లెక్క కట్టుకునేవాళ్ళం.

2020 మార్చి 28న, లాక్‌డౌన్‌లో, మళ్ళీ వేశారు గుర్తుందా? పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి. మా ఫ్లాట్‌లో, మా సోఫాలో కూర్చుని ఆ ఎడమ సగం మొదటిసారి చూశాను. నేనూ ఏడ్చాను సార్. మీకూ నాకూ కళ్ళు చెమర్చింది ఒకే సీరియల్‌కి. కానీ "అందరం కలిసి చూశాం" అంటే ఒప్పుకోలేను. చూశాం. కలిసి కాదు.

గోంగూర:
🙏

ఓరుగల్లు పిల్ల:
అన్నా, ఇది మా డాడీకి చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు. బయటికి పోయి సిగరెట్ కాల్చుకుని వచ్చిండు.

డయనోరా:
నాకప్పుడు పదేళ్ళు. పదేళ్ళ పిల్లాడు ఏం చేయగలడు? వాళ్ళు లోపలికి రాకపోతే అది మా నాన్న తప్పా? రమ్మంటే వచ్చేవాళ్ళు కదా.

చివరిల్లు:
రమ్మన్నారా?

డయనోరా:
(ఎడిట్: మొదట ఒక కోపం మాట రాశాను, తీసేశాను.)
నిన్న రాత్రంతా ఆలోచించాను. మా హాలుకి రెండు కిటికీలు. సందు వైపు కిటికీ దగ్గర పిల్లలు ఉండేవాళ్ళు, అరుపులు గుర్తున్నాయి. నాన్న "ఒరేయ్, గాలి ఆడనివ్వండ్రా" అనేవాడు. ఒక్కరి మొహం కూడా గుర్తు రావడం లేదు. ప్లాస్టిక్ షీటు రంగులు గుర్తున్నాయి, తాళంచెవికి కట్టిన ఎర్ర దారం గుర్తుంది. ఆ మొహాలు లేవు. అయినా ప్రోగ్రాముల విషయంలో నా మాట మార్చుకోను మాస్టారూ.

లెక్కల మాస్టారు:
మార్చుకోవద్దు. నేనూ మార్చుకోను. ఈటీవీ ప్రశ్నకి మీరింకా జవాబు చెప్పలేదు.

పద్మ:
అమ్మకి ఫోన్ చేసి రామాయణంలో ఏం గుర్తుందని అడిగాను. మొదట్లో వచ్చే పాటట. అది వినపడగానే పాలు పొయ్యి మీద పెట్టేదట. కథ మాత్రం మర్నాడు పక్కింటి ఆవిడ చెబితే తెలిసేదట. సంతోషంగా ఉండేదా అని కూడా అడిగాను, డయనోరా గారి కోసం. "కాళ్ళు లాగేవి" అంది.

సూళ్ళూరుపేట:
మా మేనమామని కూడా అడిగాను. ఎనిమిదేనట.

డయనోరా:
చివరిల్లు గారూ, మాది తణుకు దగ్గర. మీది ఏ ఊరండీ?

చివరిల్లు:
ఆ వైపు కాదు. అయినా చెప్పను సార్. ఊరు చెబితే తర్వాత ఇంటిపేరు అడుగుతారు.