అశ్వత్థామను వదిలెయ్యమన్న ద్రౌపది: దయా, అన్యాయమా?

తాటాకు: భాగవతం ప్రథమ స్కంధం, ఏడో అధ్యాయం. నిద్రపోతున్న ఉపపాండవులు ఐదుగుర్నీ చంపినవాణ్ని అర్జునుడు పశువును కట్టినట్టు కట్టి ద్రౌపది ముందు పడేశాడు. ఆవిడ వాడికి మొక్కి, గురుపుత్రుడు, వదలండి, నాలా వాళ్లమ్మ ఏడవకూడదు అంది. దీన్ని దయకు పరాకాష్ఠ అంటారు. నా లెక్కలో ఇది న్యాయం తప్పడం. తల తెచ్చిస్తానని అర్జునుడు ఆవిడకే మాటిచ్చాడు. అదేమైనట్టు?

ఉలిదెబ్బ: వదిలేశారని ఎవరన్నారండీ? తల మీది మణిని జుట్టుతో సహా కత్తితో కోసి, శిబిరం నుంచి గెంటారు. తల గొరగడం, ధనం లాక్కోవడం, ఉన్నచోటి నుంచి వెళ్లగొట్టడం: పేరుకే బ్రాహ్మణుడైనవాడికి ఇదే వధ అని మూలంలోనే ఉంది. మాట తప్పలేదు, ప్రాణం తియ్యలేదు.

చిల్లపెంకు: ఐదుగురు పిల్లలకి ఒక గుండు. బాగుంది లెక్క.

గోరుచిక్కుడు: అదే పని ఇంకో కులంవాడు చేస్తే గుండుతో సరిపెట్టేవాళ్లా?

ఉలిదెబ్బ: ఆ ప్రశ్న భీముడే అడిగేశాడు. పోతన పద్యంలో "వెఱ్ఱిది ద్రౌపది, వీఁడు విప్రుఁడే?" అంటాడు. మీరు చంపకపోతే నా పిడికిటిపోటుతో తల పగలగొడతానంటాడు. కృష్ణుడు నాలుగు చేతులు ధరించి, రెంటితో భీముణ్ని ఆపి, రెంటితో అడ్డుపడ్డ ద్రౌపదిని పక్కకు తప్పించాడు. గమనించారా? కోపాన్ని పట్టుకున్నన్ని చేతులే దయను జరపడానికీ పట్టాయి.

తాటాకు: చేతులు లెక్కపెట్టడం తర్వాత. అంతకు ముందు అదే కృష్ణుడు అర్జునుడితో ఏమన్నాడు? వీణ్ని వదలకు, చంపు, నిద్రపోయే పసివాళ్లను చంపినవాడు అన్నాడు. పైగా ఇలాంటివాణ్ని చంపడం వాడికే మేలు, లేకపోతే ఆ దోషంతో ఇంకా దిగజారతాడు అన్నాడు. అంటే శిక్షే దయ. ఇంక ద్రౌపది దయ ఎందుకు?

ఉలిదెబ్బ: ఆ మాట అర్జునుడి ధర్మబుద్ధిని పరీక్షించడానికి అన్నదని ఆ వెంటనే ఉంది. సగం శ్లోకాలు చదివి తీర్పులు చెప్పొద్దు.

తాటాకు: సగం చదివేది మీరు. భారతం సౌప్తికపర్వం తియ్యండి. అక్కడ ద్రౌపది దయ తలచలేదు. వాణ్ని చంపి తల మీది మణి తెచ్చేదాకా లేవనని ప్రాయోపవేశానికి కూర్చుంది. మీరు దండం పెడుతున్న క్షమామూర్తి భారతంలో లేదు.

ఉలిదెబ్బ: ఉంది. భీముడు మణి తెచ్చిచ్చాక, గురుపుత్రుడు నాకు గురువే, దీన్ని రాజు ధరించాలి అని ధర్మరాజుకు ఇప్పించింది. ప్రాణం తియ్యలేదేమని అడగలేదు.

చిల్లపెంకు: అక్కడ కృష్ణుడు మూడు వేల ఏళ్లు తిరగమని శపించాడు కూడా. చావే నయం.

తాటాకు: ఆ శాపం ఎందుకిచ్చాడో చూడండి. అశ్వత్థామ తన అస్త్రాన్ని వెనక్కి తీసుకోలేక పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లించాడు. భారతంలో అది మణి చేతులు మారే వేళకే జరిగిపోయింది. భాగవతంలో వరస వేరు. ముందు వదిలేశారు. ఎనిమిదో అధ్యాయంలో కృష్ణుడు ద్వారకకు బయల్దేరుతుంటే ఉత్తర పరిగెత్తుకొచ్చింది, అస్త్రం కడుపులో బిడ్డ మీదికి వస్తోందని. కృష్ణుడు అడ్డుపడకపోతే పరీక్షిత్తు లేడు, వంశం లేదు. వదిలినందుకు ఫలితం ఇదీ.

ఉలిదెబ్బ: మొదటి నుంచీ మీ కోపం అశ్వత్థామ మీద కాదు, ఏడుస్తూ కూడా పగ కోరని తల్లి మీద. "నీ చేతులెట్లాడెనో" అని వాడి మొహం మీదే అడిగిన మనిషి ఆవిడ. నేరాన్ని దాచలేదు, చిన్నది చెయ్యలేదు. క్షమిస్తే వెర్రిది, క్షమించకపోతే రాక్షసి, అంతేగా మీకు?

తాటాకు: నా మాట అది కాదండీ. చచ్చిపోయింది ఆవిడ పిల్లలు. తన దుఃఖాన్ని ఆవిడ మాఫీ చెయ్యొచ్చు, ఎవరూ కాదనరు. ఉత్తర కడుపులో బిడ్డకు రాబోయే ముప్పును మాఫీ చేసే హక్కు ఆవిడకెక్కడిది? ఉత్తరను ఎవరైనా అడిగారా?

గోరుచిక్కుడు: ఇన్ని పోస్టులయ్యాక అసలు సంగతి బయటపడింది.

ఉలిదెబ్బ: అదైతే ఒప్పుకుంటాను. కానీ తప్పు దయది కాదు, విడుదల చేసిన తీరుది. బ్రహ్మాస్త్రం ఆయుధాగారంలో ఉండే వస్తువు కాదు. నీళ్లు ముట్టి, మనసు నిలిపి, మంత్రం చదివి వేసేది. మణి ఊడదీస్తే పరువు పోతుంది, మంత్రం పోదు. చంపకుండా కాపలాలో ఉంచొచ్చు, ఎవరికీ తట్టలేదు. ఆవిడ అడిగింది ప్రాణం ఒక్కటే.

తాటాకు: మూలం "ముచ్యతాం ముచ్యతాం". విడవండి, విడవండి అని రెండుసార్లు. చంపొద్దు అని కాదు.

ఉలిదెబ్బ: ఆ మాటకు ముందే ఉంది, కట్టి ఈడ్చుకురావడం చూడలేకపోయిందని. విడవమన్నది ఆ కట్లను.

తాటాకు: కట్లు విప్పాక కాపలా ఎక్కడిది?