జనవరిలో స్పితికి మా ట్రావెలర్: మైనస్ 20లో బండిలోనే పడుకోవచ్చా?

కావలి ట్రావెలర్

అందరికీ నమస్కారం. మాది కావలి. నా దగ్గర 2018 మోడల్ ఫోర్స్ ట్రావెలర్ ఉంది. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, సీట్లు పీకించి, రెండు మంచాలు, చిన్న వంటగట్టు, సింకు పెట్టించి ఇల్లులా చేసుకున్నాం. హంపి, అరకు, గోవా తిరిగొచ్చాం, ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు. ఎండకు తట్టుకోవాలని పైకప్పుకూ గోడలకూ థర్మోకోల్ వేయించాను గానీ చలి గురించి ఒక్కరోజూ ఆలోచించలేదు. మన దగ్గర చలంటే సంక్రాంతి ముందు తెల్లవారుజామున ఇరవై డిగ్రీలు, ఇంకో దుప్పటి కప్పుకుంటే సరిపోతుంది.

మా అమ్మకు 66 ఏళ్లు. మంచు చూడాలని చాన్నాళ్ల కోరిక. "పొద్దున గడ్డి మీద పడేది కాదురా, చేత్తో తీస్తే ముద్దయ్యేది" అంటుంది. నాన్న ఉన్నప్పుడు కుదరలేదు. వచ్చే జనవరిలో అమ్మ, మా ఆవిడ, పదేళ్ల బాబు, నేను బయల్దేరదామని అనుకుంటున్నాం. నాగపూర్, ఢిల్లీ, సిమ్లా, అక్కణ్ణుంచి కిన్నౌర్ మీదుగా హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో కాజా దాకా. మనాలి వైపు నుంచి కుంజుం కనుమ చలికాలం మూసేస్తారు కాబట్టి సిమ్లా దారే ఎంచుకున్నాను.

బండి కింద ఛాసిస్‌కు బిగించిన 80 లీటర్ల నీళ్ల ట్యాంకు ఉంది. 200 ఏహెచ్ లిథియం బ్యాటరీ వెనక డిక్కీలో ఉంది. వంటకు ఐదు కిలోల గ్యాస్ సిలిండర్. ఈమధ్యే ఆన్‌లైన్‌లో 5 కిలోవాట్ల డీజిల్ హీటర్ కొన్నాను, ఇంకా బిగించలేదు. రాత్రి మైనస్ 20 ఉంటే ఆ హీటర్ వేసుకుని నలుగురం లోపల పడుకోవచ్చా? ఆ చలిలో బండి నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మా ఆవిడకు టెన్షన్‌గా ఉంది. నిజం చెప్పాలంటే నాకూ ఉంది.

కొండపి హవల్దార్

తమ్ముడూ, నేను ఆర్మీలో 19 ఏళ్లు డ్రైవర్‌గా చేశాను. అందులో మూడు చలికాలాలు లద్దాఖ్‌లో, రెండు లేహ్‌లో, ఒకటి ద్రాస్‌లో గడిచాయి. ఇప్పుడు ఊళ్లో పొగాకు వేసుకుంటున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందు డీజిల్ సంగతి. మామూలు డీజిల్లో మైనం కలిసి ఉంటుంది. చలి ముదిరేకొద్దీ ఆ మైనం విడిపోయి, డీజిల్ మొదట మబ్బు పట్టినట్టవుతుంది, తర్వాత నెయ్యిలా పేరుకుంటుంది. ద్రాస్‌లో ఒకరోజు పొద్దున్నే నా లారీ స్టార్టయి, ఒక్క నిమిషం నడిచి ఆగిపోయింది. ఫిల్టర్ విప్పితే లోపల కొవ్వొత్తి కరిగి మళ్లీ గడ్డకట్టినట్టు తెల్లగా ఉంది. ట్యాంకు నిండా డీజిలే, ఇంజన్‌కు మాత్రం చుక్క అందలేదు. వేడినీళ్లలో ముంచిన గోనెపట్టాలు చుట్టి, రెండు గంటలు కూర్చుని కరిగించుకున్నాం. ఆ రోజుల్లో కిరోసిన్ కలిపేవాళ్లం. నువ్వు మాత్రం కలపొద్దు, ఇప్పటి ఇంజన్లలో డీజిల్‌ను బాగా ఒత్తిడితో కొట్టే కామన్ రైల్ పంపులు దానికి పాడైపోతాయి. 2019 నవంబరు నుంచి ఇండియన్ ఆయిల్ వాళ్లు లద్దాఖ్, కాజా, కీలాంగ్ లాంటి చోట్ల కోసం మైనస్ 33 దాకా పారే వింటర్ డీజిల్ తెచ్చారు. అయితే కాజా చేరకముందే చలి మొదలవుతుంది. అందుకని దక్షిణాన కొట్టించిన డీజిల్ కొండెక్కేలోపే అయిపోయేలా చూసుకుని, పైకి వెళ్లేకొద్దీ ప్రతి బంకులోనూ చలికాలం డీజిలేనా అని అడిగి పోయించుకో.

రేడియేటర్లో ఉత్తనీళ్లు ఉంటే ఇక్కడే మార్పించు. నీరు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు ఇంజన్ బ్లాకే పగులుతుంది. కూలెంటూ నీళ్లూ సగం సగం కలిపితే మైనస్ 37 దాకా భయం లేదు. కూలెంట్ ఎక్కువైతే ఇంకా మంచిదని అచ్చంగా అదే పోసేవాళ్లున్నారు, అది తప్పు. నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 12 దగ్గరే గట్టిపడుతుంది. నీది పాత బండి కాబట్టి యాడ్‌బ్లూ, అంటే పొగను శుభ్రం చేయడానికి పోసే ద్రవం, దాని గొడవ లేదు. కొత్త బండ్లలో అది మైనస్ 11కే గడ్డకడుతుంది.

రాత్రి బండి ఆపినప్పుడు హ్యాండ్ బ్రేక్ లాగొద్దు. బ్రేకు లోపల తడి ఉంటే లైనింగు డ్రమ్ముకు అతుక్కుపోయి పొద్దున చక్రం తిరగదు. గేర్లో పెట్టి చక్రాలకు రాళ్లు వేసుకో. వెనక చక్రాలకు గొలుసులు ఎలా తగిలించాలో కావలిలోనే, వెలుతురులో, నాలుగుసార్లు చేసి చూసుకో. మంచులో వేళ్లు కొంకర్లు పోయాక నేర్చుకోవడం కుదరదు. పొద్దున పదికి ముందు, మధ్యాహ్నం మూడు తర్వాత ఆ రోడ్డు మీద ఉండకు. పగలు కరిగిన నీళ్లు రోడ్డుకు అడ్డంగా పారి, ఎండ తగ్గగానే అద్దంలా గడ్డకడతాయి. చూస్తే తడి రోడ్డులా ఉంటుంది, బ్రేకు తొక్కితే బండి నీ మాట వినదు.

ఇక అసలు సంగతి హీటర్. మన దగ్గర పొగాకు ఆరబెట్టే బ్యారన్ చూసే ఉంటావు. మంట బయట, గొట్టాలు లోపల. ఆకుకు వేడి తగులుతుంది గానీ పొగ తగలదు. డీజిల్ హీటర్ పద్ధతీ అదే. గొట్టానికి చిల్లు పడితే బ్యారన్‌లో ఆకు పాడవుతుంది, బండిలో అయితే మనుషులు పోతారు. బొగ్గు పొగకు వాసనైనా ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్‌కు అదీ లేదు. లేహ్‌లో ఒక రాత్రి మేం ముగ్గురం టెంటులో వెచ్చదనం కోసం బుఖారీ పొయ్యి పెట్టుకుని పడుకున్నాం. నాకు తలనొప్పితో మెలకువ వచ్చింది, లేవబోతే కాళ్లు సహకరించలేదు. డ్యూటీ మారే టైముకు సెంట్రీ వచ్చి గుడ్డ పైకెత్తాడు కాబట్టి ముగ్గురం బతికాం. అతను పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి ఉంటే ఈ రోజు నీకు ఇది రాసేవాణ్ని కాదు. అందుకే గట్టిగా చెబుతున్నాను. బండిలో కుంపటి పెట్టొద్దు, వెచ్చదనం కోసం గ్యాస్ స్టవ్ వెలిగించొద్దు. హీటర్ పొగ గొట్టం బండి అంచు దాటి బయటికి ఉండాలి, దాని చుట్టూ మంచు పేరుకోకూడదు. మోనాక్సైడ్ అలారం మంచం ఎత్తులో ఒకటి, ముందువైపు ఒకటి పెట్టు. పైగా కాజా 12 వేల అడుగులు. అక్కడి గాలి ఇక్కడి గాలిలో మూడింట రెండు వంతులే. సముద్రమట్టానికి సరిపెట్టిన హీటర్ అక్కడ డీజిల్ ఎక్కువ తాగి, మసి పట్టి ఆగిపోతుంది. అర్ధరాత్రి మైనస్ 20లో ఆగితే ఏం చేస్తావు?

అమ్మగారిని ఆ ఎత్తుకు చలికాలం తీసుకెళ్లొద్దు తమ్ముడూ. ఊపిరికి ఇబ్బందైతే కిందికి దించడమే మందు, ఆ రోడ్డు జనవరిలో ఏ రోజు మూసుకుపోతుందో ఎవరూ చెప్పలేరు. మంచు ముట్టుకోవాలంటే కాజా దాకా ఎందుకు? సిమ్లా దాటాక నార్కండ ఉంది, తొమ్మిది వేల అడుగుల లోపే. జనవరిలో అక్కడ మామూలుగా మంచు పడుతుంది.

ముత్తుకూరు మేస్త్రి

అన్నా, నేను రొయ్యల బండ్లకు పఫ్ బాక్సులు, అంటే చలి బయటికి పోకుండా ఫోమ్ నింపిన పెట్టెలు, కట్టే పని చేస్తాను. మీ బండి గోడల గురించి ఒక్క మాట.

రొయ్యల బండిలో చలి లోపల, ఉక్క బయట. మీకు అక్కడ తిరగబడుతుంది, వేడి లోపల, చలి బయట. తేమ ఎప్పుడూ వేడి వైపు నుంచి చల్లటి వైపుకే పోతుంది. నలుగురు మూసిన బండిలో పడుకుంటే ఊపిరికీ చెమటకూ తెల్లారేసరికి లీటరుకు అటూ ఇటూ నీరు గాల్లోకి చేరుతుంది. అది ప్లైవుడ్ సందుల్లోంచి దూరి, థర్మోకోల్ వెనక రేకు దగ్గర గడ్డకడుతుంది. ఎండెక్కగానే కరిగి పరుపు మీద కారుతుంది. కాబట్టి తేమను ఆపే షీటు లోపలివైపే ఉండాలి, అతుకుల మీద టేపు వేయాలి. పైన వెంటు కొంచెం తెరిచే ఉంచాలి, చలిగా ఉంది కదా అని మూసేయకూడదు.

రెండోది ఇనుప పట్టీలు. థర్మోకోల్ ఎంత మందం వేసినా, మధ్యలో పట్టీ లోపలి నుంచి బయటికి తగులుతుంటే చలి దానెంబడే వస్తుంది. మీ బండిలో ఎక్కడెక్కడ తగులుతుందో తెలుసుకోవడానికి స్పితి దాకా పోనక్కర్లేదు. మేం కొత్త బాక్సును చూసే పద్ధతి చెబుతా. బండిని షెడ్డులో పెట్టండి, ఆరుబయట వద్దు, రాత్రి పడే మంచుకు లెక్క తప్పుతుంది. లోపల టబ్బుల్లో ఐస్ దిమ్మలు పెట్టి, తలుపులన్నీ వేసి, రాత్రంతా వదిలేయండి. తెల్లారి బయట రేకు మీద అరచేత్తో తడుముకుంటూ రండి. ఎక్కడ చెమట పట్టిందో అక్కడ లీకు. సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి.

కందుకూరు అమ్మాయి, ఎడ్మంటన్

అన్నయ్యా, నేను పెళ్లయ్యాక కెనడా వచ్చాను. ఇక్కడ జనవరిలో మైనస్ 30 కూడా చూస్తాం. కార్ల ముందు భాగంలో కరెంటు వైరు వేలాడుతూ ఉంటుంది, రాత్రి ప్లగ్గులో పెడితే ఇంజన్ వెచ్చగా ఉంటుంది. మాకు చిన్న మోటార్‌హోమ్ ఉంది. మీరు తెలుసుకోవలసింది ఏమిటంటే, ఇక్కడ మోటార్‌హోమ్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది చలికాలం దాన్ని బయటికే తీయరు. అక్టోబరులో పైపుల్లో నీళ్లన్నీ వదిలేసి, గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ఎక్కించి నిలబెట్టేస్తాం. మొదటి ఏడాది మా వారు సింకు కింద ఒక చిన్న వంపు మర్చిపోయారు. పైపు పగిలిన సంగతి చలికాలమంతా తెలియలేదు, గడ్డకట్టి ఉంటే కారదు కదా. ఏప్రిల్లో నీళ్లు వదిలాక నేలంతా తడిసి, చెక్క ఉబ్బిపోయింది.

కింద ఉన్న మీ ట్యాంకును ఖాళీ చేసి వెళ్లండి. నీళ్లు ఇరవై లీటర్ల క్యాన్లలో మంచం పక్కన పెట్టుకోండి, నిండా నింపొద్దు. లిథియం బ్యాటరీ డిక్కీలోంచి లోపలికి మార్చండి. సున్నా కంటే దిగువన దాన్ని ఛార్జ్ చేస్తే సెల్స్ శాశ్వతంగా దెబ్బతింటాయి. మంచి బ్యాటరీ అయితే తనంతట తనే ఛార్జింగ్ ఆపేస్తుంది, అప్పుడు హీటర్‌కు కరెంటు ఎక్కడిది? గ్యాస్ కూడా అంతే. ఇక్కడ మేం వాడేది ప్రొపేన్, మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. మన సిలిండర్లో బ్యూటేన్ కూడా కలిసి ఉంటుంది, అది సున్నా దగ్గరే మొరాయిస్తుంది.

కావలి ట్రావెలర్

హవల్దార్ అన్నా, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. లేహ్ టెంటు సంగతి దగ్గర ఇద్దరం కాసేపు మాట్లాడలేకపోయాం. కాజా మానేశాం. అమ్మతో నార్కండ దాకానే వెళ్తాం, అక్కడ రాత్రికి గది తీసుకుంటాం, బండి పగటికే. హీటర్‌ను తెలిసినవాళ్లతో బిగించి, ముందు ఇక్కడే పది రాత్రులు అలారంతో నడిపి చూస్తాను. చెల్లెమ్మా, బ్యాటరీ నిన్ననే లోపలికి మార్చాను, ట్యాంకు ఖాళీ చేసే వెళ్తాం.

మేస్త్రి గారూ, మొన్న రాత్రి మా బావ ధాన్యం షెడ్డులో బండి పెట్టి, ఆరు ఐస్ దిమ్మలు లోపల వేశాం. పొద్దున ఐదింటికి టార్చి పట్టుకుని వెళ్లాను. పైకప్పు పొడిగానే ఉంది. వెనక తలుపు కబ్జాల దగ్గర, రెండు కిటికీల కింద, డ్రైవర్ వైపు పొడుగునా నాలుగు నిలువు గీతల్లా చెమట పట్టింది, సరిగ్గా లోపలి పట్టీలు ఉన్నచోటే. మా అమ్మ వెనకాలే వచ్చి వేలితో రాసి చూసింది. అన్నిటికీ సుద్దతో గుర్తులు పెట్టాను, ఫొటోలు తీశాను. ఆ పట్టీల మీద లోపలివైపు ఏం వేయాలో, ఎంత మందం వేయాలో చెప్పండి. ఆదివారం ప్లైవుడ్ విప్పుతున్నాను.

ముత్తుకూరు మేస్త్రి

విప్పేముందు ఆగండి అన్నా. ఆదివారం నేనే వస్తాను, నాకు కావలిలో పని ఉంది. పట్టీ మీద వేయడానికి ఫోమ్ టేపు రోల్ తెస్తాను, మీరు మేకులు కాకుండా స్క్రూలు తెచ్చిపెట్టండి.